పారిస్‌లో మాకరాన్లు, పాలు పోయని టీ: నా అనుభవం

మాకరాన్లంటే రెండు బాదం పెంకుల మధ్య క్రీమ్ పెట్టి అతికించిన రంగురంగుల ఫ్రెంచ్ స్వీట్లు, వాటి గురించి మనవాళ్ళ దగ్గర రెండే మాటలు వినపడతాయి. ఒకటి "అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో" అని, రెండోది "ఒట్టి పంచదార, దానికి అంత రేటా" అని. ఫోటోలు చూసినవాళ్ళు మొదటిది అంటారు, తిన్నవాళ్ళు రెండోది అంటారు. నా మటుకు నాకు ఏమనిపించిందంటే, ఈ స్వీటు ఒక్కదాన్నీ పట్టుకుని బాగుందా బాలేదా అని తేల్చలేం. పక్కన ఏ టీ ఉంది, అందులో పంచదార వేశారా లేదా, ఫ్రిజ్‌లోంచి తీసి ఎంతసేపయింది, ఏది ముందు తిన్నాం ఏది వెనక తిన్నాం, ఇవన్నీ కలిస్తేనే దాని రుచి. పోయిన ఏడాది జూన్‌లో పారిస్ వెళ్ళినప్పుడు ఒక మధ్యాహ్నం మొత్తం దీనికే పెట్టేశాం, ఆ ముచ్చట్లు రాస్తున్నా. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

వెళ్ళింది నేను, మా ఆయన, మా అత్తయ్యగారు. అక్కడ మమ్మల్ని తిప్పింది మా పిన్ని కూతురు. అది పారిస్‌లో మాస్టర్స్ చేస్తోంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడ ఏడాదికి 964 గంటల దాకా పని చేసుకోవచ్చు, ఆ గంటలన్నీ అది ఒక చిన్న ప్యాటిసరీ (కేకులు, స్వీట్ల కొట్టు) వెనకాల కిచెన్‌లో (వాళ్ళు దాన్ని లాబో అంటారు) గడుపుతోంది. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ పాలు పొంగుతుంటే స్టవ్ కట్టడానికి కూడా లేవని పిల్ల, ఇప్పుడు గుడ్లు పగలగొట్టి తెల్లసొన వేరు చేయడంలో మెషీన్‌లా తయారైంది. కాబట్టి మాకు గైడ్ కమ్ లెక్చరర్ ఫ్రీగా దొరికినట్టే.

ఎక్కడికి వెళ్ళాలి అన్నదానికి అది మాకరాన్లకి పేరున్న రెండు కొట్ల పేర్లు చెప్పి ఒక్క ముక్కలో తేల్చేసింది. "అక్కా, కూర్చుని టీతో తినాలంటే లదురే, కొనుక్కుని వీధిలో తినాలంటే పియేర్ ఎర్మే." షాంజెలిజే వీధిలో కూడా పెద్ద లదురే ఉంది, 1997లో తెరిచారు, టూరిస్టులంతా అక్కడికే పోతారు. మేం మాత్రం పాతదానికి వెళ్దామని ర్యూ రొయాల్‌లో 16వ నంబర్ దుకాణానికి వెళ్ళాం. మెట్రోలో మద్లెన్ స్టేషన్‌లో దిగితే రెండడుగులు, అటు చివర కాంకర్డ్ కూడలి కనిపిస్తూ ఉంటుంది. బయట లేతాకుపచ్చ రంగు, బంగారు అక్షరాలు, దూరం నించే తెలిసిపోతుంది.

లోపలికి వెళ్ళేముందు అది మాకు ట్రెయినింగ్ ఇచ్చింది. అడుగు పెట్టగానే ఎవరు ఎదురొస్తే వాళ్ళకి "బోంజూర్" అనాలి, అనకుండా డైరెక్టుగా "టేబుల్ ఉందా" అని అడిగితే వాళ్ళ లెక్కలో మనం మర్యాద తెలియని మనుషులం. మా అత్తయ్యగారు దారంతా బోంజూర్ బోంజూర్ అని ప్రాక్టీస్ చేసుకుంటూ వచ్చి తీరా అక్కడ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేశారు, ఆ అమ్మాయి కూడా నవ్వుతూ చేతులు జోడించింది, పని అయిపోయింది. ఇంకో సంగతి, ఇలాంటి చోట్ల రెండు లైన్లు ఉంటాయి, కొనుక్కుపోయేవాళ్ళది వేరు, కూర్చునేవాళ్ళది వేరు. చూసుకోకుండా పొడుగ్గా ఉన్న లైన్లో నిలబడ్డారంటే కౌంటర్ దగ్గరికి వచ్చాక మళ్ళీ వెనక్కి పోవాలి.

లైన్లో ఉండగా విన్న చరిత్ర ఏంటంటే, 1862లో లూయీ ఎర్నెస్ట్ లదురే అనే ఆయన ఇక్కడ మామూలు రొట్టెల బేకరీ పెట్టాడు. 1871లో పారిస్ కమ్యూన్ (ఊరి జనం ప్రభుత్వం మీద తిరగబడి సొంత పాలన పెట్టుకున్న) గొడవల్లో ఈ వీధి తగలబడింది, బేకరీ కూడా పోయింది, తిరిగి కట్టేటప్పుడు దాన్ని ప్యాటిసరీగా మార్చారు. పైకప్పు మీద బొమ్మలు వేసింది జూల్ షెరే, ఆ రోజుల్లో పోస్టర్లకి బాగా పేరున్న ఆర్టిస్టు. రెక్కలున్న ఒక బుజ్జి దేవదూత వంటవాడి వేషంలో కేకులు చేస్తున్న బొమ్మ అందులోదే, ఇప్పుడు వాళ్ళ గుర్తు కూడా అదే. నాకు బాగా నచ్చిన ముక్క మాత్రం వాళ్ళింటి ఆవిడ కథ. జాన్ సూషార్ అని, ఎర్నెస్ట్ లదురే భార్య. ఆ రోజుల్లో కెఫేలంటే మగవాళ్ళవే, పరువుగల ఇంటి ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళి కూర్చోవడం కుదిరేది కాదు. ఈవిడ కెఫేనీ, ప్యాటిసరీనీ కలిపేసి టీ సలోన్ పెట్టించింది, స్వీట్ల కొట్టు కాబట్టి ఆడవాళ్ళు వచ్చి నిమ్మళంగా కూర్చుని కబుర్లు చెప్పుకోడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇది చెప్తే మా అత్తయ్యగారు "మా చిన్నప్పుడు కాఫీ హోటళ్ళలో ఆడవాళ్ళకి తెర కట్టిన ఫ్యామిలీ రూములు ఉండేవి, అలాగన్నమాట" అన్నారు. అలాగే అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ తెర లేదు, అద్దాలూ షాండ్లియర్లూ ఉన్నాయి.

కూర్చోబెట్టారు. చిన్న గుండ్రటి టేబుల్, మోచేతులు తగులుకుంటాయి. మెనూ తెరిస్తే మాకరాన్లు ఒక పక్కకే, టీలు మాత్రం పేజీకి పేజీ. మా ఆయన రేట్ల కాలమ్ చదువుతూ మనసులో తొంభైతో, వందతో గుణించుకుంటున్నారని మొహం చూస్తేనే తెలుస్తోంది. మాకరాన్ ఒక్కోటి మూడు యూరోలకి కాస్త అటూ ఇటూ. మన డబ్బులో రెండొందల యాభై పైమాటే. రూపాయి నాణెం కన్నా పెద్దది, బొటనవేలు మందం ఉంటుంది. "పెళ్ళిలో స్వీట్ ప్యాకెట్ మొత్తం వస్తుందే దీనికి" అన్నారు. "బావగారూ, ఇవాళ్టికి గుణించకండి" అని మా చెల్లి మెనూ లాక్కుంది.

టీ ఎంచుకోవడం దగ్గరే అసలు టైమ్ పట్టింది. నేను పాత ఫ్రాన్స్ రాణి మారీ ఆంట్వానెట్ పేరుతో ఉన్న వాళ్ళ సొంత బ్లెండ్ తీసుకున్నా, గులాబీ, మల్లె, తేనె వాసన వస్తుంది. పేరు చూసి ఆ రాణిగారు రోజూ ఇవే మాకరాన్లు తినేది అనుకుంటారు చాలామంది, అదేం కాదు. ఆవిడకి 1793లో తల తీసేశారు, ఇలా రెండు పెంకుల మధ్య గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన ముద్ద) పెట్టి అతికించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది, లదురే బంధువు పియేర్ దెఫోంతెన్ కి ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. అంతకు ముందు మాకరాన్ అంటే మధ్యలో ఏమీ లేని బాదం బిస్కెట్టే. నాన్సీ అనే ఊళ్ళో ఇప్పటికీ అలాగే చేస్తారు, ఫ్రెంచ్ విప్లవం టైమ్‌లో 1792లో మఠాలు మూసేస్తే ఇద్దరు సన్యాసినులు బతుకుతెరువు కోసం బాదం మాకరాన్లు చేసి అమ్ముకున్నారు, ఆ ఊళ్ళో ఒక వీధికి వాళ్ళ పేరే ఉంది.

మా ఆయన డార్జిలింగ్ అన్నారు. అని, పాలు, పంచదార కూడా తెమ్మన్నారు. వెయిటర్ ఏం అనలేదు, కానీ ఒక క్షణం పెన్ను ఆపాడు. మా చెల్లి ఫ్రెంచ్‌లో ఏదో చెప్పి పంపించేసి అప్పుడు మొదలెట్టింది. మనింట్లో తాగేది సీటీసీ టీ, అంటే ఆకుని మెషీన్లో నలిపి చీల్చి గుళికల్లా చుట్టినది, నీళ్ళలో వేయగానే చిక్కగా నల్లగా దిగిపోతుంది, దాంట్లో పాలు పోసి మరిగిస్తేనే బాగుంటుంది, అసలు దాన్ని అందుకే అలా చేస్తారు. ఇక్కడ ఇచ్చేది ఆకు ఆకుగా ఉండే ఆర్థొడాక్స్ టీ, అందులోనూ డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ అంటే చలికాలం పోయాక తీసే మొదటి చిగురు, దాని రంగే లేత బంగారం రంగులో ఉంటుంది, అందులో పాలు పోస్తే పాల రుచి తప్ప ఏదీ మిగలదు. ఆయన ఓపిగ్గా విని "మన దేశం టీ ఎలా తాగాలో పారిస్‌లో నేర్చుకోవాలన్నమాట" అన్నారు. నిజమే మరి. మన దేశంలో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదే అసలుది అనే గుర్తింపు) వచ్చిన మొట్టమొదటి సరుకు డార్జిలింగ్ టీయే, 2004లో ఇచ్చారు, కానీ మంచి ఫస్ట్ ఫ్లష్‌లో ఎక్కువ భాగం జర్మనీకి, జపాన్‌కి వెళ్ళిపోతుంది. రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో మామూలు కిరాణా కొట్లో మనకి దొరికేది డస్టే, అంటే పొడి టీ.

టీ వచ్చింది. పెద్ద కెటిల్, దానితో పాటు ఆకు వడగట్టే గిన్నె. మూడు నిమిషాలు అవగానే ఆకు పైకి తీసేయాలి, అక్కడే ఉంచేస్తే చేదు దిగుతుంది. మనం టీ బాగా మరిగితే స్ట్రాంగ్ అనుకుంటాం, ఇక్కడ ఎక్కువసేపు ఉంటే పాడయింది అంటారు. గ్రీన్ టీ అయితే మరిగే నీళ్ళు కూడా పనికిరావు, 70, 80 డిగ్రీలే. ఇదంతా చాదస్తం అనిపించొచ్చు కానీ అంతకుముందు రోజే ఇంకో చోట, పేరెందుకులెండి, గోరువెచ్చటి నీళ్ళూ పక్కన ఒక టీ బ్యాగూ పడేసి ఆరు యూరోలు తీసుకున్నారు, దాని ముందు ఇది స్వర్గం. మా అత్తయ్యగారు కప్పు ఎత్తి ముందు వాసన చూసి, ఒక గుక్క తాగి, "ఇది టీలా లేదమ్మా, ఏదో పువ్వు వాసనొస్తోంది, బానే ఉంది" అని ఇంకో గుక్క తాగారు. ఆవిడ మా ఆయన పాట్‌లోది మొత్తం తాగేశారని బిల్లు దగ్గర తెలిసింది, ఇంకోటి చెప్పాల్సి వచ్చింది.

గుడ్డు సంగతి ఇక్కడే చెప్పేస్తా, అందరూ అడిగేది అదే. మాకరాన్ పెంకు అంటేనే తెల్లసొన. గుడ్డు లేని మాకరాన్ అంటూ ఈ మామూలు షాపుల్లో ఉండదు, ఎక్కడైనా వీగన్ అని ప్రత్యేకంగా రాసి అమ్మితే అది శనగలు ఉడికించిన నీళ్ళని గిలకొట్టి చేసింది అయ్యుంటుంది. గుడ్డు తినేవాళ్ళయినా మాంసం ముట్టనివాళ్ళు ఇంకోటి అడగాలి, కొన్నిటి లోపలి క్రీముల్లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నించి తీసేది) వేస్తారు. మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు, ఆ సంగతి ముందే తెలుసు, "మీరు తినండి, నేను చూస్తా" అని కూర్చున్నారు. చూడ్డం అంటే ఊరికే చూడరుగా, ఏది ఎలా ఉందో మా మొహాలు చూసి ఆవిడే చెప్పేస్తున్నారు.

ప్లేట్ వచ్చాక తినబోతుంటే మా చెల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు చూడాలట. పెంకు పైన నున్నగా ఉండాలి, పగుళ్ళు ఉండకూడదు. కింద అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలతో గరుగ్గా ఒక పట్టీలాగా ఉంటుంది, దాన్ని పియే అంటారు, పాదం అన్నమాట. అది సమానంగా లేచిందంటే పిండి కలపడం, ఆరబెట్టడం, ఓవెన్ వేడి మూడూ కుదిరినట్టు. ఒక పక్కకి వాలిపోయి ఉంటే ఎక్కడో తేడా కొట్టినట్టు. తర్వాత లోపలి క్రీమ్ అంచు దాకా వచ్చిందో లేదో చూడాలి, మధ్యలో కొంచెం పెట్టి మూసేస్తే చివర్లు ఎండిపోతాయి. చేత్తోనే తినాలి, ఫోర్క్‌తో పొడిస్తే ముక్కలైపోతుంది. రెండు కొరుకుల్లో అయిపోవాలి. కొరికినప్పుడు పైన గుడ్డు పెంకంత పల్చగా ఒక పొర ఫట్‌మంటుంది, వెంటనే కింద తడిగా, కొంచెం సాగుతూ బాదం, ఆ తర్వాత చల్లగా గనాష్. మూడూ ఒకేసారి కాదు, ఒకదాని వెనక ఒకటి.

ఇది ఎలా వస్తుందో వాళ్ళ లాబోలో చేసే పద్ధతి చెప్పింది, వింటుంటే నాకు తినడం కన్నా అదే బాగుంది. బాదం పొడీ, పంచదార పొడీ సమానంగా తీసుకుని జల్లెడ పట్టాలి, ఒక్క పలుకు మిగిలినా పెంకు మీద మొటిమలా కనపడుతుంది. తెల్లసొనని ముందే వేరుచేసి ఫ్రిజ్‌లో పెట్టి పాతబడనిస్తారు, నీళ్ళదనం తగ్గుతుందని. పంచదార పాకం 118 డిగ్రీలకి రాగానే గిలకొడుతున్న తెల్లసొనలో సన్నటి ధారగా పోస్తారు. మన అమ్మమ్మలు వేలితో చూసే పాకం వీళ్ళు థర్మామీటర్‌తో చూస్తారు, అంతే తేడా. ఆ నురగని బాదం పొడిలో కలిపే పనిని మాకరొనాజ్ అంటారు, అసలు ప్రాణం అక్కడే ఉంది. తక్కువ కలిపితే పైన తోకలు లేస్తాయి, ఎక్కువ కలిపితే పలచనై పారిపోతుంది, గరిటె ఎత్తితే రిబ్బన్‌లా జారి మెల్లగా సర్దుకుపోవాలి, ఆ ఒక్క క్షణంలో ఆపాలి. రంగు కూడా నీళ్ళ రంగు వాడితే పోయింది, పొడి రంగో పేస్టో వాడాలి. ట్రేలో చుక్కలు పెట్టాక ట్రేని బల్లకేసి నాలుగు దెబ్బలు కొట్టి లోపలి గాలి బుడగలు పోగొట్టి, ఓ అరగంట అలా వదిలేస్తారు. పైన చర్మం కట్టాలి, వేలు పెడితే అంటుకోకూడదు. అప్పుడు ఓవెన్‌లో 150 డిగ్రీలకి ఓ పన్నెండు, పధ్నాలుగు నిమిషాలు. పైన చర్మం కట్టేసి ఉంటుంది కాబట్టి లోపలి ఆవిరి పైకి చీల్చుకుని రాలేక కింద అంచు నించి వస్తుంది, పాదం వచ్చేది అందుకే. చర్మం కట్టకుండా లోపల పెడితే నెత్తి మీద పగులుతుంది. వాన రోజుల్లో గాల్లో తడికి అరగంట కాదు గంటైనా ఆరదట. "కాకినాడలో చేస్తే శ్రావణమాసంలో పెట్టింది సంక్రాంతికి ఆరుతుంది అక్కా" అంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే, ఇది అప్పటికప్పుడు వేడివేడిగా తినేది కాదు. గనాష్ పెట్టి జత చేశాక కనీసం ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ రోజంతా లోపలి క్రీమ్‌లో తడి మెల్లగా పెంకులోకి దిగుతుంది, అప్పుడే ఆ సాగే మెత్తదనం వస్తుంది, లేకపోతే కరకరలాడే బాదం బిస్కెట్టే. మనం "ఫ్రెష్‌గా ఉన్నాయా" అని అడుగుతాం కదా, ఇక్కడ ఆ ప్రశ్నే పనికిరాదు.

సరే తినడం మొదలుపెట్టాం. లేత రుచుల నించి గట్టి రుచులకి వెళ్ళాలి, ముందే చాక్లెట్ తింటే నాలుక మీద అదే ఉండిపోతుంది. వెనిల్లా ముందు, అది పెద్దగా మాట్లాడదు, టీ వాసన కోసం దారి వదిలేస్తుంది. తర్వాత నిమ్మ, దీని పులుపు గట్టిదే, కళ్ళు చికిలించేంత. కోరిందపండు (ఫ్రాంబ్వాజ్ అంటారు) జామ్ లాగా గింజలతో సహా ఉంది, నాకూ మా ఆయనకీ దాని కోసం తగాదా అయింది. గులాబీ గురించి నాకు కొంచెం భయం ఉండింది, మన రోజ్ మిల్క్ ఎసెన్సు గుర్తొచ్చి. కానీ ఇది అంత గుప్పున కొట్టదు, మింగాక ముక్కులోంచి మెల్లగా వస్తుంది. పిస్తా దగ్గర మా చెల్లి పరీక్ష పెట్టింది, కళ్ళు మూసుకుని వాసన చూడమంది. చాలా చోట్ల పిస్తా ఖరీదు భరించలేక చేదు బాదం ఎసెన్సు వేసి పచ్చరంగు కలిపేస్తారు, మన పిస్తా ఐస్‌క్రీమ్ వాసన అదే, అందుకే నిజం పిస్తా పెడితే చాలామందికి ఇదేంటి పిస్తాలా లేదు అనిపిస్తుంది. నిజం పిస్తాకి వేయించిన పప్పు వాసన, కొంచెం నూనెదనం ఉంటాయి. కాఫీ నాకు ఆనలేదు, ఫిల్టర్ కాఫీ తాగిన నోటికి ఏ కాఫీ స్వీటూ ఆనదు, ఆ తప్పు వాళ్ళది కాదు. ఉప్పు వేసిన కారమెల్ మాత్రం మొత్తానికి నెంబర్ వన్. సముద్రపు ఉప్పు పలుకులు అక్కడక్కడా తగులుతుంటే ఆ తీపి ఎక్కడా మొహం మొత్తదు. చివరికి చాక్లెట్.

ఇప్పుడు టీ మాట. మధ్యలో మా ఆయన పట్టు విడవకుండా కప్పులో రెండు చెంచాల పంచదార వేసుకున్నారు. వేసుకుని నిమ్మది సగం కొరికారు, బాలేదు ఒట్టి తీపి అన్నారు. మా చెల్లి తన కప్పులోంచి పంచదార లేని డార్జిలింగ్ పోసి, ఒక గుక్క తాగి మిగతా సగం తినమంది. నేను మొహమే చూస్తున్నా. నమిలి, ఆగి, మళ్ళీ ఒక గుక్క తాగి, ఇంకోటి తీసుకున్నారు, ఏం మాట్లాడలేదు, అదే ఆయన ఒప్పుకోవడం. విషయం ఏంటంటే టీలో ఉండే వగరు నాలుక మీది తీపినీ వెన్ననీ కోసేస్తుంది. పైగా గనాష్‌లో ఉండే కోకో బటర్ మన ఒంటి వేడికి దగ్గర్లో, ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర కరుగుతుంది, చల్లటి నీళ్ళు తాగితే అది అంగిట్లో మైనంలా గడ్డకట్టి అంటుకుంటుంది, వేడి టీ అయితే కరిగించి తీసుకుపోతుంది. దాంతో తర్వాతి ముక్క మళ్ళీ మొదటి ముక్కలాగే ఉంటుంది. తియ్యటి టీతో తింటే తీపి మీద తీపి, రెండోదానికే చాలనిపిస్తుంది. మన ఊళ్ళలో ఎవరైనా మాకరాన్ బాలేదంటే నేను ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న, దాంతో ఏం తాగారు అని.

నా గులాబీ మల్లె టీ సంగతి కూడా చెప్పాలి, ఒట్టిగా తాగితే చాలా బాగుంది కానీ మాకరాన్‌తో కాదు. వాసన టీలోనూ ఉండి స్వీటులోనూ ఉంటే రెండూ కొట్టుకుంటాయి. వాసన కలపని టీ అయితేనే దీనికి జత.

బిల్లు విషయం త్వరగా చెప్పేస్తా. ఫ్రాన్స్‌లో మెనూ రేట్లలోనే సర్వీసూ ట్యాక్సూ కలిసి ఉంటాయి, టిప్ ఇవ్వకపోయినా తప్పు లేదు, చిల్లర వదిలితే సంతోషిస్తారు. మంచినీళ్ళు కావాలంటే "కరాఫ్ దో" అనండి, కుళాయి నీళ్ళు జగ్గులో ఫ్రీగా తెస్తారు, ఒట్టి వాటర్ అంటే బాటిల్ తెచ్చి బిల్లేస్తారు. ఇంకా డబ్బు మిగల్చాలంటే కౌంటర్‌లో కొనుక్కుని ఎదురుగా కాంకర్డ్ పక్కనున్న తులరీ తోటలోకి పోయి బెంచీ మీద తినండి, కాకపోతే ఆ టీ ఉండదు, అప్పుడు నేను ఇంతసేపు చెప్పిందంతా వేస్టు.

మర్నాడు పియేర్ ఎర్మే దగ్గరికి వెళ్ళాం, ర్యూ బొనపార్త్‌లో 72 నంబరు, 2001లో పారిస్‌లో ఆయన తెరిచిన మొదటి షాపు అదే. అంతకు ముందే 1998లో టోక్యోలో తెరిచాడు. అల్సాస్‌లో బేకరీల కుటుంబం, పధ్నాలుగేళ్ళకే పనిలో చేరాడట. కొన్నాళ్ళు లదురేలోనే పని చేశాడు కూడా. ఇక్కడ కూర్చోడాలేం లేవు, నగల షాపులా అద్దాల వెనక వరసలు, మనం చూపిస్తే గ్లవ్స్ వేసుకుని పెడతారు. ఇస్పహాన్ తీసుకోకుండా రావొద్దు. గులాబీ, లిచీ, కోరిందపండు కలిపి చేసింది, ఇస్పహాన్ అనేది ఒక గులాబీ రకం పేరు. మొగదోర్ అని ఇంకోటి, మిల్క్ చాక్లెట్‌లో ప్యాషన్ ఫ్రూట్, పులుపు తీపీ భలే కుదిరాయి. దగ్గర్లోనే సాన్ సుల్పీస్ చర్చి ముందు పెద్ద ఫౌంటెన్ ఉంటుంది, దాని గట్టు మీద కూర్చుని తినేశాం, అప్పుడు మా ఆయన ఫ్లాస్కు తీశారు. పొద్దున్నే హోటల్‌లో డార్జిలింగ్ కాచి తెచ్చుకున్నారు, పంచదార లేకుండా. మేం ఎవరం ఏం అనలేదు.

అత్తయ్యగారికి మాత్రం ఏమీ పెట్టలేదని నాకు గుచ్చుకుంటూనే ఉంది. మా చెల్లి దారిలో ఒక మిఠాయి కొట్టులోకి తీసుకెళ్ళి పాత్ ద ఫ్రుయి కొంది, పండ్ల గుజ్జుని పంచదారతో ఉడికించి పెక్టిన్‌తో (పండ్లలోంచే తీసేది) గట్టిపరిచి, చదరంగా కోసి పైన పంచదార అద్దుతారు. గుడ్డు లేదు, జెలటిన్ లేదు, కొట్టువాణ్ణి రెండుసార్లు అడిగి మరీ తీసుకుంది. అత్తయ్యగారు ఆప్రికాట్‌ది నోట్లో వేసుకుని "ఇది మన మామిడి తాండ్రే కదమ్మా, తడి కొంచెం ఎక్కువుంది అంతే" అన్నారు. ఆ డబ్బా మళ్ళీ మా చేతికి రాలేదు.

టీ కొనడానికి మారే అనే పేటలో మారియాజ్ ఫ్రేర్‌కి వెళ్ళాం, 1854 నించి ఉన్న కంపెనీ, బూర్ తిబూర్ వీధిలో. గోడంతా నల్ల డబ్బాలు, వందల రకాలు, పేరు చెప్తే డబ్బా దించి మూత తీసి ముక్కు దగ్గర పెడతారు. అందరూ మార్కో పోలో కొంటారు, పళ్ళూ పూల వాసన కలిపిన బ్లాక్ టీ అది. మేం వాసన లేని డార్జిలింగే తీసుకున్నాం, కారణం పైన చెప్పాగా.

ఇంటికి మోసుకొచ్చేవాళ్ళకి రెండు మాటలు. ఎయిర్‌పోర్టులో కూడా లదురే షాపు ఉంది, ఊళ్ళో కొని సూట్‌కేసులో పెట్టి నలపక్కర్లేదు, చివర్లో కొనుక్కుని చేతి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు నాలుగు రోజుల్లో అవగొట్టండి, తినే ముందు ఓ అరగంట బయట పెట్టండి. మా పక్కింటి పిల్లలు ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే కొరికి గట్టిగా ఉన్నాయి ఆంటీ అన్నారు, అరగంట ఆగి రమ్మంటే వచ్చి డబ్బా ఖాళీ చేశారు. పారిస్ దాకా వెళ్ళలేనివాళ్ళకి, లదురే వాళ్ళు 2021లో ఢిల్లీ ఖాన్ మార్కెట్లో కూడా తెరిచారు. ఇంకా దగ్గరగా కావాలంటే తమిళనాడులో తూత్తుకుడి మాకరూన్లు ఉన్నాయి, బాదం బదులు జీడిపప్పు, అదే తెల్లసొన, అదే పంచదార, కోన్ ఆకారంలో ఉంటాయి, నోట్లో వేస్తే కరిగిపోతాయి, రేటు చూస్తే మా ఆయన కూడా గుణించరు. ఆఫీసులో తమిళ ఫ్రెండ్ తెచ్చిచ్చింది, వాటికీ ఇదే టీ పెట్టి చూశాం, బ్రహ్మాండంగా కుదిరింది.

మేం తెచ్చిన డార్జిలింగ్ డబ్బా సగం పైన అత్తయ్యగారే తాగారు. పొద్దున పూట మామూలు పాల టీయే, నాలుగింటికి మాత్రం పాలు లేకుండా, గడియారం చూసి మూడు నిమిషాలు. ఇప్పుడది అడుగంటింది. మార్చి, ఏప్రిల్‌లో కొత్త ఫస్ట్ ఫ్లష్ దిగుతుంది కాబట్టి ఈసారి పారిస్ చుట్టూ తిరక్కుండా డార్జిలింగ్ నించే తెప్పిద్దామని మా ఆయన తోటల లిస్టు పెట్టుకుని కూర్చున్నారు.